తోక కత్తిరించిన కొర్రమట్టలు

మా ఇంటామె చనిపోయి నలభై రోజులైంది. తొర్రూరులో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేది. తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేశాను. మా చెరువు మత్స్యకారుల సంఘం పెద్దాయనకు చేయడం మరిచిపోయాను. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి మేడం ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఎప్పుడొస్తదన్నాడు. ఇంకోసారి, ఈసారి సరిగ్గా చెప్పాల్సి వచ్చింది.

చెరువులో కొర్రమట్ట చేపలు ఏటేటా తగ్గుతున్నాయని ఆమె అనుమానం. ఇలాగే పట్టుకుంటూ పోతే అసలు మిగలవని భయం. చెరువు ఎండగట్టకుండా చేపల్ని లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. ఆమె యాభై చేపల్ని పట్టించి, తోక అంచు కాస్త కత్తిరించి, మళ్లీ నీళ్లలో వదిలించింది. కొన్నాళ్లకు వల వేసి, పడ్డవాటిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడాలి. ఎక్కువ కనబడితే చెరువులో చేపలు తక్కువన్నట్టు.

సంఘం వాళ్లు పట్టి తెచ్చినవాటిలో అలాంటిది ఒక్కటీ లేదు. ఆ లెక్కన చేపలకు అంతే లేదు. వాళ్లు సంబరపడ్డారు. ఆమె వాళ్లను కూర్చోబెట్టి అడిగింది.

"గవి మీరు గుర్తు వెట్టుకున్న చేపలు గద మేడం," అన్నాడు పెద్దాయన. "మేమెట్ల తీసుకుంటం? దొరికినయి దొరికినట్టే ఇడిసిపెట్టినం."

అవి కూడా కావాలని చెప్పి పంపింది. ఈసారి గంపనిండా తోక కత్తిరించినవే తెచ్చారు. మిగతావి మేడంకు ఎందుకని వదిలేశారట. ఆ లెక్కన చెరువు మొత్తానికి ఉన్నవి యాభయ్యే.

మూడోసారి తనే గొడుగేసుకుని గట్టు మీద కూర్చుంది. భయపడ్డట్టే తక్కువ తేలాయి. గుడ్లు పెట్టే రెండు నెలలు, వానకాలంలో, వల వేయొద్దని వాళ్లను ఒప్పించింది. మూడేళ్లుగా ఆగుతున్నారు.

"మర్యాద ఎక్కువైతే లెక్క చెడ్తది," అని ఆ రోజు ఇంటికొచ్చి అంది. తర్వాత ఆ మాట నా మీదే వాడింది. పులుసు బాగుందంటే చాలు, మర్యాద మానేసి ఉప్పు సంగతి చెప్పమనేది.

రఘునాథపల్లిలో మా చెల్లెలింటి దావత్‌లో చేప తోక ముక్క పైకెత్తి దాని అంచు వెలుతురులో చూసింది. కూర పాడైందేమోనని వరసంతా తినడం ఆపేసింది.

మొన్న వానలు మొదలయ్యాయి. మేడం లేదు కాబట్టి ఆ కట్టడీ లేదని కొందరు వలలు తీశారట. పెద్దాయన నన్ను వాళ్ల దగ్గరికి, గట్టుకు తీసుకెళ్లాడు. నాకు ఆ లెక్క రాదన్నాను.

"లెక్క ఇడువుండ్రి సారు. మేడం ఉంటె ఏమంటుండె?"

"ఇప్పుడు వద్దంటుండె."

ఒడ్డు పక్కన నీళ్లలో దోసెడంత ఎర్రగా పిల్లచేపల గుంపు కదులుతోంది. దాని కింద తల్లి నల్లటి వీపు. భుజాన వల వేసుకున్న ఒకతను వంగి వాటిని లెక్కపెట్టబోయాడు. రెండుసార్లు తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.