వాకిట్లో పిల్లల్ని పారేసిన పెట్టె

2022 జనవరి. దివిసీమలో కోడూరు దగ్గర ఒక కొబ్బరితోట. అందులో నాగమణి గారి తేనెటీగల పెట్టెలు ఆరు. అంతకుముందు పది ఉండేవి. నాలుగు ఖాళీ అయిపోయాయి. గుడివాడ నుంచి నన్ను పిలిపించారు. పెట్టెల్లో ఈగల్ని పెంచడం, జబ్బు చేసినవి చూడడం ముప్పై ఏళ్లుగా నా పని.

"ఐదో పెట్టె రాణి ఈగని నలిపెయ్యండి బాబాయి గారూ," అందావిడ, నేను సంచి దించకముందే. "రోజూ పొద్దున్నే ఈగలు తెల్లటి పిల్లల్ని వాకిట్లోకి ఈడ్చి పారేస్తున్నాయి. జబ్బంతా దాన్నుంచే. మిగతా ఐదూ చూడండి, వాకిలి అద్దంలా ఉంది."

"ఎవరు చెప్పారమ్మా?"

"మందులమ్మే ఆయన. ఫోన్లో."

"ఫోన్లో పెట్టె వాసన కూడా వచ్చిందా ఆయనకి?"

నాకు ఒళ్లు మండింది. పెట్టె మూత ఎత్తకుండా ప్రాణం తియ్యమనడానికి నోరెలా వస్తుంది?

ఐదో పెట్టెలోంచి ఫ్రేమ్, అంటే మైనపు పట్టు ఉండే చెక్క చట్రం, పైకి తీశాను. అక్కడక్కడ గదుల మూతలు కొరికేసి ఉన్నాయి, లోపల పిల్లలు లేరు. రెండో పెట్టెలో మూతలన్నీ నిండుగా ఉన్నాయి. నాలుగు విప్పి చూపించాను. మూడింట్లో పిల్లను కరుచుకుని వరోవా మైట్ ఉంది. గేదెకు పట్టే గోమారి లాంటిది, ఈగపిల్లను పీల్చి బతుకుతుంది.

అయినా జబ్బు ఐదో పెట్టె నుంచి కాదంటే ఆవిడకు నమ్మకం కుదరలేదు. పిన్ టెస్ట్ పెట్టాను: రెండు పెట్టెల్లోనూ చెరో యాభై గదుల మూతల్లోంచి సన్నటి సూది దించి లోపలి పిల్లల్ని చంపి, మర్నాడు చూడడం. మర్నాటికి ఐదో పెట్టెలో ఆ గదులు ఖాళీ, నాకినట్టు శుభ్రం. రెండో దాంట్లో శవాలు మూతల కింద అలాగే ఉన్నాయి.

"మీ వాకిట్లోకి చెత్త ఎప్పుడొస్తుందమ్మా?"

"ఇల్లు ఊడ్చినప్పుడు," అంది. ఆ తర్వాత నవ్వేసింది. "అయితే మిగతా ఐదూ మా తోడికోడలి కొంపలన్నమాట!"

పిల్లల్ని బయటికి ఈడ్చేది కూలి ఈగలు. ఆ గుణం వాటికి తల్లి అయిన రాణి నుంచి దిగుతుంది. అందుకే ఆ రాణి గుడ్ల నుంచే కొత్త రాణుల్ని పెంచి మిగతా పెట్టెలకు ఇచ్చాం. ఒకటి నిలవలేదు, నాలుగు నిలిచాయి.

ఆ మందులాయన మీద అంత కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో నా దగ్గరా ఇలాంటి పెట్టె ఒకటి ఉండేది. పిల్లల్ని చంపుకునే రాణి అని ఎవరో అంటే, విప్పి చూడకుండా ఈ బొటనవేలితోనే నలిపేశాను. ఆ ఏడు నా పెట్టెలన్నీ పోయాయి. అప్పటినుంచి గుమ్మంలో చచ్చిన పిల్ల కనిపిస్తే, దాన్ని బయటికి మోసుకొచ్చిందెవరో ముందు చూస్తాను.