వెనక గోడలో వేళ్ళ గుంటలు

మా పై ఫ్లోర్ అంకుల్ పోయారని మంగళవారం పొద్దున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో చూశాను. ఆఫీస్ మీటింగ్ నడుస్తోంది. కెమెరా ఆపేసి ఆ మెసేజ్ మళ్ళీ చదివాను.

అమెరికాలో, మా పార్సిప్పనీలోనే కూతురి దగ్గర ఉండేవారు. ఇండియాలో ప్రభుత్వ భవనాలు కట్టించి రిటైరైన ఇంజనీరు. ఆయనకి ఇక్కడ డ్రైవింగ్ రాదు, నాకు శనివారాలు ఏం చేయాలో తోచదు. అలా జత కుదిరింది. చుట్టుపక్కల మూడు రాష్ట్రాల్లో పాత కోర్టులు, మిల్లులు, రైల్వే స్టేషన్లు వెతుక్కుంటూ తిరిగాం.

ఎక్కడికెళ్ళినా నేను స్తంభాలకి ఫోటోలు తీస్తుంటే ఆయన చక్కా వెనక్కి వెళ్ళిపోయేవారు. "ముందంతా పెళ్ళిచూపుల వేషం బాబూ. వెనక్కి రా, అసలు సంగతి తెలుస్తుంది" అనేవారు. చేత్తో చేసిన ఇటుకలు కనబడితే ఇక పండగే. పచ్చి ఇటుకని ఎత్తినవాళ్ళ వేళ్ళ గుంటలు కొన్నిట్లో అలాగే కాలి మిగిలిపోతాయట. దొరికితే తన వేళ్ళు పెట్టి చూసి, ఈయనది ఎడంచేతి వాటం అనేవారు. నిజమో, నన్ను ఆటపట్టించడమో తెలియదు. నాకు మాత్రం ఒక్కటీ దొరికేది కాదు. మీరెప్పుడైనా పాత భవనానికి వెళ్తే ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి.

కిందటి ఆయుధపూజ నాడు ఒక పాత కోర్టుకి వెళ్ళాం. నేను వెనక్కి వెళ్ళేసరికి ఆయన ఒక ఇటుకకి పసుపు రాసి కుంకుమ పెట్టేశారు. సెక్యూరిటీ ఆవిడ పరుగున వస్తోంది. నాది హెచ్‌వన్ బతుకు. ఆవిడకి పది సారీలు చెప్పి, ఆయన మీద అరిచాను.

"మీకేం అంకుల్, పోయేది నా వీసా."

"కట్టినవాడి చెయ్యి కూడా పనిముట్టే కదా బాబూ" అని, రుమాలు తడిపి తుడవడం మొదలుపెట్టారు. నేను వెళ్ళి కార్‌లో కూర్చున్నాను, అది ఏ ఇటుకో సరిగ్గా చూడనే లేదు. ఆ తర్వాత కూడా నాతో వచ్చేవారు కానీ గోడల్ని ముట్టుకునేవారు కాదు. చేతులు జేబుల్లోనే ఉండేవి. తప్పయిందని చెప్పాలని ప్రతి శనివారం అనుకున్నాను. చెప్పలేదు.

మొన్న ఒక్కడినే ఆ కోర్టుకి వెళ్ళి, గంటసేపు వెనక గోడంతా వెతికాను. అదే సెక్యూరిటీ ఆవిడ వచ్చి, మీ అంకుల్ రాలేదా అని అడిగింది. చెప్పాను. ఆవిడ కిటికీ కింది వరసలో ఒక ఇటుక చూపించింది. ఆ రోజు తుడుస్తూ ఆయనే చూపించారట. అప్పటినుంచి రోజూ డ్యూటీకి ముందు అందులో వేళ్ళు పెట్టి చూసుకుంటుందట.

కుడిచేతి వేళ్ళు పెట్టాను, కుదరలేదు. ఎడంచేతివి పెట్టాను, నాలుగూ సరిగ్గా కూర్చున్నాయి. ఎండకి ఇటుక వెచ్చగా ఉంది. చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాను, పైకే, తెలుగులోనే. పక్కన ఆవిడ టోపీ తీసి నిలబడింది.