గౌస్ భాయ్ దగ్గర కొనని కంప్యూటర్

నిన్న మా వంటింట్లో మిక్సీ కాలింది. ఆ కమురు వాసనకు కోడలు కిటికీలు తెరిచింది. నాకు మాత్రం గౌస్ భాయ్ గుర్తుకొచ్చాడు. ఆయన ఎలాంటి మనిషో నాకు తెలిసింది సరిగ్గా ఇలాంటి వాసన మధ్యనే.

తొంభైల మొదట్లో నల్లగొండ రామగిరిలో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కంప్యూటర్ లేని చోటికి పిల్లలు రావడం మానేశారు. ఒక్కటైనా తెస్తే నిలబడతాను, లేదంటే తాళమే. గడియారం సెంటర్లో రేడియోలు అమ్మే గౌస్ భాయ్ అప్పుడే కంప్యూటర్లు కూడా పెట్టాడు. నెల రోజులు ఆయన దుకాణంలో కూర్చుని, ఏది మంచిదో, ఎందుకు మంచిదో అడిగి అడిగి ప్రాణం తీశాను. ఆయన విసుక్కోకుండా చాయ్ తెప్పించి మరీ చెప్పాడు. అంతా తెలుసుకున్నాక, పేపర్లో ప్రకటన చూసి నేరుగా ఢిల్లీ కంపెనీకి డ్రాఫ్టు పంపేశాను. కాస్త చౌక. అంతకుమించి, ఢిల్లీ నుంచి తెప్పించానని చెప్పుకునే గొప్ప!

ఆ పెట్టెను బ్యాండుమేళంతో ఊరేగించామని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. బ్యాండు లేదు. రిక్షావాడి బెల్లు ఒక్కటే మోగింది.

ప్రారంభానికి గౌస్ భాయ్‌ని పిలిచాను. మర్యాదకు కాదు, ఉడికించడానికి. ముందు వరుసలో కూర్చోబెట్టాను. చేరాలా వద్దా అని చూసిపోవడానికి వచ్చిన పిల్లలు, వాళ్ల తండ్రులతో గది నిండింది.

"ఎట్లున్నది గౌస్ భాయ్, మా ఢిల్లీ పిల్ల?"

"మాషా అల్లా, మంచిగున్నది సాబ్. జర గాలి తగిలేటట్టు పెట్టుండ్రి."

కొత్త లారీకి, బావి మోటారుకు చేసినట్టే పసుపు కుంకుమ పెట్టి స్విచ్ వేశాను. కొబ్బరికాయ కొట్టి, అలవాటు కొద్దీ ఆ నీళ్లు తెర ఉన్న డబ్బా మీద చల్లాను. దాని నెత్తిన గాలి సందులున్నాయి. టప్పుమని పేలింది. తెర నల్లబడింది. పొగ గడియారం స్తంభమంత ఎత్తు లేచిందంటాను గానీ, అగరొత్తి పొగకన్నా ఎక్కువ లేదు.

"గీ సారు మన పోరగాండ్లకు ఏం నేర్పుతడే!" అంటూ ఒక తండ్రి లేచాడు. గౌస్ భాయ్ కూడా లేచి వెళ్లిపోయాడు. బజారంతా చెప్పి నవ్విస్తాడనుకున్నాను. ఎదురింట్లోంచి ఢిల్లీకి ఫోన్ చేస్తే, పార్సిల్ చేసి పంపండి, చూస్తాం అన్నారు.

తిరిగొచ్చి గుమ్మం ముందు కొయ్యబారిపోయాను. రిక్షాలో గౌస్ భాయ్. ఆయన ఒళ్లో, దుకాణం అద్దాల వెనక నేను నెల రోజులు చూసి వదిలేసిన కంప్యూటర్ తెర.

"జరుగుండ్రి సాబ్," అని లోపలికి మోసుకొచ్చి తీగ బిగించాడు. తెర వెలిగింది. లేచిన తండ్రి మళ్లీ కూర్చున్నాడు.

నేను వంగి ఆయన చెవిలో అడిగాను: "మీ దగ్గర కొనకపోతిని గద భాయ్, ఎందుకు తెచ్చిండ్రు?"

"కొంటే గిరాకి అయ్యేటోళ్లు. కొనకుంట నెల దినాలు చాయ్ తాగిండ్రు, దోస్తయిండ్రు. ఏం జెయ్యాలె మరి? కానియ్యిండ్రి, పోరగాండ్లు సూస్తున్నరు."

ఆ తర్వాత మా దగ్గర అన్నీ అడిగి తెలుసుకుని, పక్క సందులో వెలిసిన ఇంకో ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన పిల్లలు చాలామందే. అక్కడి మిషన్లు చెడిపోతే పరీక్షల ముందు మా గుమ్మం ఎక్కేవారు. వాళ్లందరినీ నవ్వుతూ కూర్చోబెట్టి నేర్పానని చెబుతుంటాను. కూర్చోబెట్టింది నిజం. నవ్వడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.