గుమ్మంలో లీటియా

“…ఎన్నిసార్లు చెప్పాలే, గుమ్మంలో నిలబడొద్దని! నీ బిడ్డ కూడా అలాగే రాకుండా నిలబడిపోతుంది,” అంది ఊలూసి, సీల్ జంతువు తోలు గీకుతూ.

“బయటి చలి చూసి రానంటోందేమోలే అమ్మా,” అంది లీటియా, కదలకుండానే.

ఆమెకు తొమ్మిదో నెల. మా మంచు ఊళ్లో కాన్పులు చేయరు కాబట్టి మర్నాడు విమానంలో దక్షిణాది ఆసుపత్రికి వెళ్లాలి. పగలంతా వాచిన పాదాలు పెట్టె మీద చాపుకుని, బిడ్డను వీపున మోసే కోటు కుడుతుంది. దారం కొరకాలంటే పొట్ట అడ్డొచ్చి పక్కకు ఒరుగుతుంది. నడుం పట్టుకుని లేచిందంటే ఆ తలుపు దగ్గరికే. మా ఊళ్లో తలుపు ఎవరూ తట్టరు, తోసుకుని వస్తారు. కిందటి చలికాలం, అన్న జోవానసీ తన మంచుబండి పాడుచేశాడన్న కోపంతో లీటియా లోపల గడియ పెట్టుకుంది. అతను తలుపు తోసి చూసి, కాసేపు నిలబడి, వేటకు వెళ్లిపోయాడు. సముద్రం మీద మంచు విరిగి మరి రాలేదు. మావాళ్లలో, పోయినవాడి పేరు పెడితే అతను ఆ బిడ్డలో తిరిగొస్తాడు. బిడ్డను అతని పాత వరసతోనే పిలుస్తాం.

“వాడి పేరు పెట్టవే. నా కొడుకు ఇంటికొస్తాడు,” అంది ఊలూసి, ఈసారి మెల్లగా.

“రోజూ ‘అన్నా’ అని పిలవాలి కదమ్మా. ఏ మొహంతో పిలవను?”

తోలు గీకే చేయి ఆగింది. లీటియా తలుపు తెరిచింది. మెట్ల మీద ఎవరూ లేరు. ఇల్లంతా చల్లబడినా తల్లి తిట్టలేదు.

“ఆడైనా మగైనా జోవానసీయే అమ్మా,” అంది లీటియా. “అన్నా అనే పిలుస్తాను.”