జాజు పూసిన టైరు

మొన్న నారాయణగూడ చౌరస్తా దగ్గర రోడ్డు దాటబోతుంటే ఒక కొత్త జీపు నా ముందు ఆగింది. టైర్లు మడ్‌గార్డులను దాటి రెండు పక్కలా జానెడు బయటికి వచ్చి ఉన్నాయి. తలకంటే చెవులు పెద్దవైన మేకపిల్లలా ఉంది బండి. నడిపే అబ్బాయి తల బయటపెట్టి, "పెద్దాయనా, టైర్ల దుకాణం మీదే గదా? ఇంతకన్న లావువి దొరుకుతయా? బండలెక్కనీకి" అన్నాడు. "దొరుకుతయి. నీకియ్య" అన్నాను. నేను పరాచికమాడాననుకున్నాడు కాబోలు, నవ్వి వెళ్లిపోయాడు. నేను నిజమే చెప్పాను. అదే మాట ఐదేండ్ల కింద అడిగి ఉంటే దుకాణంలో అన్నిటికంటే లావైనవి దొర్లించుకొచ్చి, బోల్టులు బిగించి, వీపు తట్టి పంపేవాణ్ణి. ఆ ఏడు ఎండాకాలంలో మా ఇంటి బండికి సరిగ్గా ఆ పనే చేశాను. దాని సంగతే ఇది.

పాలమూరు దిక్కు నుంచి వచ్చినప్పుడు నాకు మీసం కూడా సరిగా రాలేదు. మొదట చిక్కడపల్లిలో ఒకాయన దగ్గర పంక్చర్లు వేశాను, తర్వాత నారాయణగూడ సందులో సొంత దుకాణం పెట్టుకున్నాను. టైరు మీది అంకెలు నాకు అప్పటి నుంచే తెలుసు. అక్షరాలు మాత్రం అరవై దగ్గరపడ్డాక మా కోడలు నేర్పింది. ఆమె అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెబుతుంది. వందమంది ముందు చెప్పినట్టే నా ఒక్కడి ముందు కూడా నిలబడి చెప్పేది. తప్పు రాస్తే, "మామా, మళ్ల" అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. నా భార్య పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ, నలభై ఏండ్ల కాపురంలో నేను ఇంత ఒద్దికగా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

కోడలికి ఒక పాత జీపు ఉంది. వాళ్ల నాయన, అంటే మా వియ్యంకుడు, రాయి కొట్టే మనిషి. ఆయన పనిచేసిన క్వారీలో తిరిగి తిరిగి మూలకు పడిన జీపు అది. కోడలు డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. క్వారీ మూసేసేటప్పుడు తుక్కు కింద పోవలసినదాన్ని తండ్రీ బిడ్డా కలిసి ఇంటికి తెచ్చుకున్నారు. పెండ్లయ్యాక ఆమెతోపాటు అది కూడా అశోక్‌నగర్ వచ్చింది. నగలు పెట్టుకుని వచ్చిన కోడళ్లను చూశాను గానీ, గేరు రాడ్డు పట్టుకుని వచ్చిన కోడలిని అప్పుడే చూశాను. సెలవు దొరికితే చాలు, ఊరు దాటి బండరాళ్ల మీదికి దాన్ని ఎక్కించడం ఆమె సరదా. అదొక ఆటట. దానికి పోటీలు కూడా ఉంటాయట. వేగంగా పోయినవాడు గెలిచే ఆట కాదు, జారకుండా, బోర్లా పడకుండా బండ కొసకు చేరడమే గెలుపు.

అశోక్‌నగర్ సందుల్లో మనిషి నిలబడడానికే చోటు వెతుక్కోవాలి. హాస్టళ్ల పిల్లలు చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి మా జీపుకు ఆనుకుని, పరీక్షలో వచ్చే ప్రశ్నల గురించి వాదించుకునేవారు. ఇంటి ఓనరు గారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, మెత్తగా మాట్లాడేవాడు, మెత్తగానే కోసేవాడు. ఒకరోజు నన్ను గేటు దగ్గర ఆపి, "మీ కోడలు గారు చెప్పేది లెక్కలే కదండీ? ఈ గేటు వెడల్పెంతో, ఆ బండి వెడల్పెంతో ఓసారి తీసేసి చూడమనండి. బండన్నా తీయించండి, ఇల్లన్నా చూసుకోండి" అన్నాడు. మా కొడుక్కి ఆ సాకు చాలింది, అమ్మేద్దామన్నాడు. రెండు పూటలు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. మూడో పూట కోడలే తేల్చింది. "మూడు వారాలల్ల పోటీ ఉన్నది. ఆ పోటీల బండ నేను రెండుసార్లు ఎక్కలేకపోయిన. ఈసారి ఎక్కితే జీపు మామ దుకాణం ముందట పెట్టుకుంట. ఎక్కకుంటే నేనే అమ్ముత. మీరెవ్వరు నోరు తెరువొద్దు." కొడుకు నా వైపు చూశాడు. దుకాణం ముందు టైర్లు పేర్చే చోటు ఖాళీ చేస్తానని నేను ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఆమె నన్ను అడిగింది, "మామా, టైర్ల వెడల్పు ఎంత పెట్టాలె?"

ఆ ప్రశ్నకు నా గుండె ఎంత ఉబ్బిందో చెప్పలేను. అక్షరాలు నేర్పిన మనిషి నన్ను అడుగుతోంది. ఆలోచించకుండా, "పన్నెండున్నర అంగుళాలు. అంతకంటె లావు ఊర్లనే దొరకది" అన్నాను. లావు టైరు ఎక్కువ నేల పట్టుకుంటుంది, ఇందులో అడగడానికేముంది అనుకున్నాను. జీపు రిమ్ములు పాతవి, ఏడు అంగుళాలవి. పన్నెండున్నర టైరును దాని మీదికి ఎక్కించడానికి ఒక పగలంతా చెమటోడ్చాను. గాలి నిండా కొట్టాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. గాలి తక్కువగా పెట్టి బండిని గడప దాటిస్తే దుకాణానికి ఇజ్జత్ ఉండదు. టైరును మడమతో తన్ని చూస్తాం, రాయిలా ఉంటేనే పంపిస్తాం. మా ఉస్తాద్ నాకు అదే నేర్పాడు, నేను నా దగ్గర పని చేసినవాళ్లందరికీ అదే నేర్పాను. తన్నాను. కాలు నొప్పి పుట్టింది. సంతోషమేసింది.

ఆదివారం నాడు కొడుకూ, కోడలూ, నేనూ మూతబడిన ఆ పాత క్వారీకే పోయాం, అలవాటు చేసుకోవడానికి. వియ్యంకుడు ఊరి నుంచి ముందే వచ్చి, తలకు తువ్వాల చుట్టుకుని ఒక రాతిగుండు మీద కూర్చున్నాడు. జీపును చూసి ఆయన మొదట అన్న మాట, "ఏంది బావా, బండికి గజ్జెలు కట్టినవా?" నేను, "రాళ్లు పగలగొట్టెటోనికి టైర్ల సంగతి ఏమెరుక? చూడు" అన్నాను. చూశాడు. అందరం చూశాం. నాలుగడుగులు ఎక్కేసరికి స్టీరింగు తిప్పితే టైరు మడ్‌గార్డును గీరడం మొదలుపెట్టింది. గట్టి గాలి మీద జీపు బంతిలా ఎగిరి పక్కకు పడింది, మళ్లీ ఎగిరింది, మళ్లీ పడింది. సగంలో వెనక్కి జారి, కింద ఒక పెద్ద రాయికి తగిలి ఆగింది. టైరు పక్కగోడ మీద బొటనవేలంత చీలిక, గాలి మాత్రం పోలేదు. బయటికి పొడుచుకొచ్చిన చోటే రాతి అంచు కోసింది. కోడలు దిగి దాన్ని వేలితో తడిమి, నా వంక చూడకుండా నీళ్లు తాగింది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు వియ్యంకుడు లేచి, తన సంచిలోంచి జాజు ముద్ద తీశాడు. గోడలకు, గడపలకు పూసే ఎర్రమట్టి. నాకు అర్థం కాలేదు. "బావా, రాయి మీద రాయి కూసుండాలంటె ఏం చేస్తమో ఎరుకనా? కింది రాయికి జాజు పూస్తం. మీది రాయి పెట్టి తీస్తం. ఎర్ర అంటుకున్నది ఎత్తు, అంటనిది పల్లం. ఎత్తున్న కాడ ఉలి పెడతం. రాయి అబద్ధం చెప్పది. టైరు చెప్తదేమో చూద్దాం పా" అన్నాడు. టైరు చుట్టూ తడి జాజు పూసి, కోడలిని బండ మీద మెల్లగా ముందుకు పోనిచ్చి ఆపమన్నాడు. పక్కకు తీశాక నలుగురం వంగి చూశాం. పన్నెండున్నర అంగుళాల టైరు బండకు అంటించిన ఎరుపు నా అరచేయంత కూడా లేదు. నడిమధ్యలో ఒక చుక్క, రెండు పక్కలా ఏమీ లేదు. సన్నని రిమ్ము మీద లావు టైరు, పైగా నిండా గాలి, నడుమ పొట్ట ఉబ్బి ఆ పొట్ట ఒక్కటే నేలను తాకుతోంది. నలభై ఏండ్లు టైర్లు అమ్మినవాణ్ణి. టైరు నేల మీద ఎక్కడ నిలబడుతుందో నేను ఆనాడే చూశాను.

"గాలి తీయి బావా" అన్నాడు. చెయ్యి రాలేదు. వాల్వు మీద పుల్ల పెట్టి నొక్కుతుంటే నా ఇజ్జత్తే బుస్సుమని పోతున్నట్టుంది. ముప్పై పౌండ్ల నుంచి పదికి దించాను. ఈసారి ఎరుపు పళ్లెమంత పడింది. కానీ లావు టైరు మెత్తబడి పక్కకు మరింత వాలింది, మడ్‌గార్డుకు రాసుకునేది రాసుకుంటూనే ఉంది, అంచులకు దొరికేది దొరుకుతూనే ఉంది. జీపుతో వచ్చిన పాత ఏడంగుళాల టైర్లు వెనక ఉన్నాయి. అవీ వేసి చూశాం. రెండు రాళ్ల సందులో మంచి పట్టు, నున్నటి బండ మీద మాత్రం ముద్ర చాలలేదు. వారం తిరిగేలోగా నేను బషీర్‌బాగ్ దాకా తిరిగి తొమ్మిదిన్నర అంగుళాలవి తెచ్చాను. గాలి పదికి పెట్టి జాజు పూస్తే బండ మీద పడిన ముద్ర వెడల్పుగా కాదు, పొడుగ్గా పడింది. తడికాళ్లతో గచ్చు మీద నడిచిన మనిషి పాదంలా ఉంది. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పినా ఎక్కడా తగల్లేదు. పక్కగోడ రిమ్ము కంటే కొంచెమే బయటికి ఉంది. కోడలు ఆ ముద్రను చాలాసేపు చూసి, ఏ లెక్కా వేయకుండా, "ఇదే మామా" అంది.

పోటీ రోజు ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆ బండ మూడు తాటిచెట్ల ఎత్తు, నడుమ అడ్డంగా ఒక నెర్రె, ఒక్కొక్కరికి ఒక్కటే అవకాశం. ముందు వెళ్లిన బండ్లు రొప్పాయి, పొగ కక్కాయి, ఎక్కువ భాగం జారాయి. ఒకదాని టైర్లు నా దుకాణంలో కొన్నవే, పన్నెండున్నరవి. అదెలా ఎగిరి పడిందో చూసి నేను తల దించుకున్నాను. మా జీపు గీత దగ్గరికి వస్తే ఎవరో, "అక్కా, టైర్లల్ల గాలి లేదు! పంక్చరా?" అని అరిచారు. నవ్వారు. పక్కనే ఉన్న మా కొడుకు నా చెవిలో, "నాయినా, నిజంగనే జర తక్కువ లేదా?" అన్నాడు. నాకూ అదే భయం.

జీపు ఎక్కడం మొదలుపెట్టింది. కదులుతోందా లేదా అన్నంత మెల్లగా. చప్పుడు లేదు, పొగ లేదు. టైరు ప్రతి రాతి మొన దగ్గరికీ వచ్చి, ఆగి, దాని మీద మెత్తగా కుంగి, దాని ఆకారమే తనదిగా చేసుకుని, అప్పుడు ముందుకు జరిగేది. ఉడుంపట్టు అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను, కళ్లతో అప్పుడే చూశాను. గోడలా నిలబడిన చోట కూడా ఆ నల్ల రబ్బరు బండను కావలించుకుని ఉంది. ఇన్నేండ్లు ఈ చేతులతో మోసిన వస్తువు అది. దానికి ఇంత తెలుసని నాకు తెలియదు. నవ్విన పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకుని తీయడం మరిచారు.

నెర్రె దగ్గర ఎడమ ముందు టైరు గాల్లోకి లేచింది. జీపు ఒక పక్కకు ఒరిగింది. కింద నుంచి "రేస్ చెయ్యక్కా! రేస్ చెయ్యి!" అని అరుపులు. వియ్యంకుడు నా మణికట్టు పట్టుకున్నాడు, ఉలి పట్టిన చెయ్యి, ఎముక నలిగింది. కోడలు రేస్ చేయలేదు. ఊపిరి రెండుసార్లు తీసుకునేంత సేపు అలాగే ఉంది. తర్వాత బెత్తెడు వెనక్కి జారనిచ్చింది. అమ్మేశామనే అనుకున్నాను జీపును. స్టీరింగు ఇసుమంత తిప్పింది. లేచిన టైరు దిగి, నెర్రె అంచును వెతుక్కుని, దాని మీద కూర్చుంది. కుంగింది. పట్టింది. ఆ తర్వాత కొస దాకా అది ఎక్కడా ఆగలేదు. ఆకాశం ముందు ఆ పాత జీపు నిలబడింది. చప్పట్లు మొదలయ్యాక ఆగలేదు. నా కొడుకు అందరికంటే ముందు అరిచాడు, "మా ఇంటామె! మా ఇంటామె!" అని, ఎవరు అడిగారని.

వియ్యంకుడు నా చెయ్యి వదిలి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, "బావా, నేను బండను కొట్టిన. నువ్వు గాలి నింపి దాన్ని బెదిరిచ్చినవు. ఈ పిల్ల దాన్ని అడిగి ఎక్కింది" అన్నాడు. పదకొండు నిమిషాలు పట్టిందని గడియారం పట్టుకున్నవాళ్లు చెప్పారు. బతుకంతా ఎక్కడికో తొందరపడుతూనే వచ్చినవాణ్ణి నేను. నెమ్మదికి కూడా పైకి దారి ఉంటుందని తెలియడానికి నాకు అరవై ఆరేండ్లూ, ఆ పదకొండు నిమిషాలూ పట్టాయి.