తలమీద చేతులుంచి పంపిన బిడ్డ

తండ్రిలేని బిడ్డలకు తండ్రివైన దేవా, వానలు లేని ఏళ్లలోనూ మా ప్రాణాలు నిలిపిన నీకు స్తోత్రం. నీ నామం పలికే ప్రతి నోరూ నీది కాదని మాకు ఆలస్యంగా తెలిసింది. అయినా నీకే స్తోత్రం.

ఆత్మకూరు దగ్గరి మా పల్లెలో నాన్న సంఘానికి ఉపదేశి. జొన్న కంకి పట్టని ఆ కరువు ఏడు, ఒకాయన మా ఆరాధనకు వచ్చాడు. తెల్ల పంచె, మెత్తని గొంతు. మోకాళ్లూని కన్నీళ్లతో ప్రార్థించాడు. కీర్తనలు చూడకుండా చెప్పాడు. కడపలో బోర్డింగు బడి ఉందనీ, దిక్కులేని ఆడపిల్లలకు తిండీ చదువూ ఉచితమనీ అన్నాడు.

మా చిన్నమ్మ విధవరాలు. ఒక్కతే కూతురు, ఏడేళ్ల పిల్ల. వాళ్ల పొయ్యిమీద ఆకు తప్ప గింజ ఉడికి చాలా రోజులయింది.

ఆయనది ఏ ఊరో, ఆ బడి ఎవరిదో మావాళ్లు అడగలేదు. అంత బాగా ప్రార్థించే మనిషిని అడగడం అవిశ్వాసం అనుకున్నారు. ఒక తల్లి తన బిడ్డను దేవుని మందిరానికి అప్పగించిన వృత్తాంతం నాన్న ఆ ఆదివారం చదివాడు. సంఘమంతా పిల్ల తలమీద చేతులుంచి పంపింది. నేనూ ఉంచాను. నూనె లేని ఆ జుట్టు ఎండకు వెచ్చగా ఉంది.

మరుసటి ఏడు చిన్నమ్మ కుట్టిన పావడా పట్టుకుని నాన్న కడపకు పోయాడు. అలాంటి బడే లేదన్నారు. తిరుగుదారిలో ఎర్రగుంట్ల స్టేషనులో మా సంఘం పాట వినబడింది. పాడుతున్నది మా పిల్లే. చేతులమీద పచ్చిపుండ్లు. జిల్లేడు పాలు పూసి చేసినవి. పెద్దనాయనను చూసింది, గుర్తుపట్టింది. అయినా చెయ్యి చాపి, "ధర్మం సెయ్యి సామీ" అంది. కొంచెం అవతల తెల్ల పంచె మనిషి కూర్చుని ఉన్నాడు.

నాన్న పోలీసులను పిలుచుకొచ్చాడు. "నా కూతురు సామీ, దాన్నే అడగండి" అన్నాడు వాడు. పిల్ల భయంతో తలూపింది.

సంగతంతా విని హెడ్డు కానిస్టేబులు నాన్నతో అన్నాడు: "ఏమప్పా ఉపదేశీ, బాగా పాడేటోళ్లకంతా బిడ్డల్నిచ్చేస్తారా మీ గుళ్లో? మీరే ఇచ్చినాక ఎత్తుకపోయినాడంటే కేసు నిలబడదు. అయితే మదరాసు చట్టం ఒకటుండాది. బిడ్డతో అడుక్కతినిపిస్తే, కన్నతండ్రికైనా శిక్షే."

కడప కోర్టులో వాడికి జైలు పడింది. అదే చట్టం బిడ్డను సాకలేని ఇంటికి పంపవద్దంది. అందుకని మేజిస్ట్రేటు చిన్నమ్మను పిలిచాడు. మా తరఫు వకీలు ముందే నేర్పాడు: "రోజూ కూడు పెడతానని చెప్పమ్మా. ఒక్క మాట, అంతే." చిన్నమ్మ పరిశుద్ధ గ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది.

"రోజూ అన్నం పెట్టగలవా?"

"ఉన్నెప్పుడు పెడతా దొరా."

"లేనప్పుడు?"

"లేనప్పుడే కదా ఆయప్పకిచ్చింది."

నాన్న లేచి, తాను సాకుతానన్నాడు. "పంపించింది నువ్వే కదా" అన్నాడు మేజిస్ట్రేటు. నాన్న కూర్చున్నాడు.

పిల్లను మదరాసు వైపు సర్కారు బడికి పంపారు. చిన్నమ్మ పావడా అందించబోతే, "ఆడనే బట్టలిస్తార్లేమ్మా" అన్నాడు జవాను.

ఆ చట్టాన్ని నేను దూషించను. వాడి చేతిలోనుంచి బిడ్డను విడిపించింది అదే. తల్లికి నాలుగు గింజలిచ్చే మాట మాత్రం అందులో లేదు. మదరాసు దాకా పోయే దారి చిన్నమ్మకు ఎప్పుడూ దొరకలేదు. ఏటేటా ఆ పావడా అంచు విప్పి పొడుగు చేసేది. నా భుజం పక్కన చెయ్యి ఆనించి, "ఇప్పుడు ఇంత ఉంటాదంటావా?" అని అడిగేది. నేను అవుననేదాన్ని. విప్పడానికి అంచు మిగలని ఏడు ఆమె అడగడం మానేసింది.

ఇది చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతో మోకరించండి. ఆ బిడ్డ ఎక్కడున్నా, తల్లి తనను వద్దనుకోలేదనీ, దేవుని యెదుట అబద్ధమాడలేక పోగొట్టుకుందనీ ఆమెకు తెలియజేయమని అడుగుదాం. నా ఒక్కదాని గొంతు చాలడం లేదు.