ఫోన్ ఎంగేజ్‌లో ఉన్న శనివారం

పోయిన నెల మా చెల్లెలి కూతురు కొత్త కంప్యూటర్ కొనుక్కుంది. రోజూ పొద్దున్నే బంగారుపేటకు పోయి, రైలెక్కి బెంగుళూరు పోయి వచ్చే పిల్ల. ఇంగ వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసువాళ్ళు దయతలిచారట. రాబర్ట్‌సన్‌పేటలో వాళ్ళ ముందుగదిలో బల్ల వేసి, దాన్ని అమర్చి, నన్ను చూడ రమ్మంది. నేను పోయేసరికి తెర మీద ఒక చక్రం తిరుగుతా ఉంది. దాని కింద ఇంగ్లీషులో, అప్‌డేట్ జరుగుతోంది, ఆఫ్ చేయకండి అని రాసి ఉంది. అది చదవగానే కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాను. "ఫోన్ పనిచేస్తా ఉండాదా?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది. "ఫోనుకూ దీనికీ ఏం సంబంధం పెద్దమ్మా? కూచో, కాఫీ చల్లారిపోతాది" అంది. నిజమే, ఇప్పుడు సంబంధం లేదు. అందుకు దేవునికి మనసులోనే దండం పెట్టుకుని కూచున్నాను గానీ, కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఆ చక్రాన్నే చూస్తా ఉండిపోయాను.

మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది మా ఊరి బంగారు గని మూసేసిన రెండేళ్ళకు. అప్పటికి ఊరిగాంలో, కంపెనీ కట్టించిన ఆ పాత ఇంట్లో, నేనూ నాయనా ఇద్దరమే మిగిలాం. అమ్మ ఎప్పుడో పోయింది, చెల్లెలు పెళ్ళై అప్పట్లో కోలారులో ఉండేది. నాకు చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమకాలి బలాన్ని తీసుకుపోవడంతో బడికి పంపలేదు. నాయనే షిఫ్టు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, పెరట్లో మంచం మీద కూచుని చదువు చెప్పేవాడు. ఆఫీసులో పారేసిన పాత రిజిస్టర్లే నా పాఠ్యపుస్తకాలు. అందుకే నాకొచ్చిన ఇంగ్లీషంతా గని ఇంగ్లీషు. "రోప్ ఎగ్జామిన్డ్, ఫౌండ్ ఇన్ ఆర్డర్" అనేది నేను తప్పుల్లేకుండా రాసిన మొదటి వాక్యం. మనుషుల్ని గనిలోకి దించే ఇనుప పెట్టెను కేజి అంటారు. దాని తాడును ప్రతి షిఫ్టుకు ముందూ చూసి, సరిగా ఉందని అట్లా రాసి సంతకం పెట్టాల. యువరాణీ గుర్రమూ కథలు చదువుకున్న పిల్లల్ని చూస్తే నాకు జాలిగా ఉండేది, వాళ్ళకు తాడు సంగతి తెలియదే అని.

నాయన మొదటి పదహారేళ్ళు గని లోపల, తరువాత పైన, కూలీల హాజరు రాసే టైమాఫీసులో పనిచేసినాడు. ఆ పదహారేళ్ళ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో దాక్కుని ఉండి, గని మూతపడినాక బయటపడింది. ఆయనతో పాటు ఎందరికో. ఊపిరితిత్తులు చూసే డాక్టర్లు రాబోతున్నారనీ, వాళ్ళ ముందుకు పోవాలంటే ఎవరు ఏ షాఫ్టులో, అంటే గనిలోకి దిగే ఏ బావిలో, ఎన్నేళ్ళు పనిచేసినారో కాగితం కావాలనీ చెప్పారు. ఆ కాగితాలు ఎవరిని అడిగినా దొరకలేదు. మా నాయన తలలో మాత్రం భద్రంగా ఉన్నాయి. అందుకే గని మూసినప్పుడు చేతికొచ్చినదాంట్లోంచి ఆ కంప్యూటర్ కొన్నాడు. ఆయన చెప్పడం, నేను టైపు చేయడం. మనిషి పేరు, హాజరు బిళ్ళ నంబరు, షాఫ్టు, ఏళ్ళు. నాలుగు పేర్లు చెప్పేసరికి ఆయనకు ఆయాసం వచ్చేది. అప్పుడు ఆక్సిజన్ సిలిండర్ తిప్పి, ముక్కుకు గొట్టం తగిలించేదాన్ని.

ఆ సిలిండర్ సంగతి ఇక్కడే చెప్పాల. రాబర్ట్‌సన్‌పేటలో మందులంగడి ఒకటి ఉండేది. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, బయటినుంచి బండిలో ఆక్సిజన్ వచ్చేది. వచ్చేవి తక్కువ, కావలసినవాళ్ళు ఎక్కువ. అంగడాయన దగ్గర ఒక వరస ఉంది. బండి రాగానే వరసప్రకారం ఫోన్ చేస్తాడు. ఎత్తితే సిలిండర్ పక్కన పెడతాడు. రెండుమూడు సార్లు చేసినా దొరక్కపోతే తరువాతి పేరుకు పోతాడు. అందులో అన్యాయం ఏమీ లేదు. ఆయాసపడే మనిషి ముందు అందరి తొందరా ఒకటే.

కంప్యూటర్‌ను అమర్చినాయన ఒకప్పుడు కేజిని దించే యంత్రం దగ్గర మెకానిక్. గని మూసినాక, నలభై దాటిన వయసులో, కుర్రవాళ్ళ మధ్య బెంచీ మీద కూచుని కంప్యూటర్ బాగుచేయడం నేర్చుకున్నాడు. నేను అన్నా అనేదాన్ని. ఆయనకు అన్నీ గని లెక్కలే. లోపలి ఫ్యాను చూపించి, "ఇది ఆగితే లోపలుండేవాళ్ళంతా ఉక్కిరిబిక్కిరైపోతారు చెల్లెమ్మా" అన్నాడు. నాయన వెంటనే ఒక లాగ్‌బుక్ తెరిపించాడు. పొద్దున్నే దీపం పెట్టి, తెరకు బొట్టు పెట్టి, "ఫ్యాన్ ఎగ్జామిన్డ్, ఫౌండ్ ఇన్ ఆర్డర్" అని రాసి సంతకం చేసేదాన్ని. వారానికోసారి పురుగులు, అంటే వైరస్‌లు, పట్టాయేమో చూసే ప్రోగ్రాం నడపాల. నెలకోసారి పనికిరానివి తుడిచేయాల. అంత శ్రద్ధగా మా ఊళ్ళో ఎవరూ కంప్యూటర్‌ను చూసుకుని ఉండరు. ఆ పని నాకు దొరికిందే అని సంతోషపడేదాన్ని.

మా ఊరికి ఆషాఢం వస్తే గాలి కాదు, సైనైడ్ దిబ్బల బూడిద వస్తుంది. రాయిని పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలినదాన్ని కొండలుగా పోసిపెట్టిన దిబ్బలవి. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టినా, అన్నంలోకి కూడా వచ్చేది. ఒకనాడు అన్న కంప్యూటర్ మూత విప్పి చూస్తే లోపల తెల్లగా, పిండి జల్లినట్టు ఉంది. పెరట్లోకి మోసుకుపోయి సైకిల్ పంపుతో ఊదడం మొదలుపెట్టాడు. మంచం మీదున్న నాయన కాసేపు చూసి, "ఒరే, ఆ చేత్తోనే నన్నూ విప్పి ఒకసారి ఊదరాదా?" అన్నాడు. అన్న నవ్వబోయి, నవ్వలేక, పంపు పక్కన పెట్టి మొహం తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

పేర్లు దాదాపు ముగిసే సమయానికి, ఒక గురువారం, తెర మీద అరవై సెకన్లలో ఆరిపోతానని ఒక డబ్బా కనిపించింది. అన్నట్టే ఆరిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ అంతే. సోమవారం డాక్టర్లు వస్తున్నారు. పేర్లన్నీ అందులోనే ఉన్నాయి. శనివారం పొద్దున అన్న వచ్చి చూసి, "పురుగు పడింది. పేటంతా ఇదే ఏడుపు" అన్నాడు. ఏదో ఫ్లాపీ పెట్టి ఆరిపోవడం ఆపాడు. "ఇంగ ఫోన్ లైన్లో అప్‌డేట్ దించాల. ఐదారు గంటలు పడతాది. నడిమధ్యలో తీసినావంటే మళ్ళీ మొదటికొస్తాది, జాగర్త" అని చెప్పి, ఫోన్ తీగ పీకి కంప్యూటర్‌కు తగిలించి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే ఫోన్ తీగే. అది నడిచినంతసేపూ బయటివాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ఎంగేజ్ అనే వస్తుంది. బండి వచ్చేది సోమవారం. సిలిండర్ ముల్లు సోమవారం దాకా సరిపోయేట్టే ఉంది. నేను ముల్లు చూసే ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు నాయన గొట్టం పక్కకు జరిపి, "పాపా, ఒకసారి ఆ తీగ తీసి ఫోనుకు పెట్టరాదా. ఎవరైనా చేస్తా ఉంటారేమో" అన్నాడు. అప్పటికి సగం దిగింది. నాకు విసుగొచ్చింది. ఆ విసుగును ఈనాటికీ దాచుకోలేను. "మీరే గదా నాయనా నేర్పినారు, దిగే కేజిని నడిమధ్యలో నిలపకూడదని" అన్నాను. ఆయన నవ్వి, దగ్గి, "సరే పో. ఇంగ ఈ షాఫ్టుకు దొరసానివి నువ్వే" అన్నాడు. గొట్టం మళ్ళీ పెట్టుకున్నాడు.

ఐదు గంటలకు అప్‌డేట్ ముగిసింది. కంప్యూటర్ ఆరి, మళ్ళీ లేచి, శుభ్రంగా నిలబడింది. లాగ్‌బుక్‌లో రాసి, దేవుని పటం ముందు నిలబడి దండం పెట్టుకుని, తీగను ఫోనుకు తగిలించాను. చేయి తీసేలోపల మోగింది. అంగడాయన. "యాడికి పోయినారమ్మా? మధ్యాహ్నం రెండైనప్పటి నుంచి కొడతానే ఉండాను. ఎప్పుడు చేసినా ఎంగేజే. సోమవారం బండి ఈ పొద్దే వచ్చేసింది. ఐదుసార్లు చేసినా. ఇంగ కానీ అని మీది తరువాతి పేరుకు ఇచ్చేసినా. ఆ మాట చెబుదామనే మళ్ళీ చేసినా." ఇంకొకటి ఎప్పుడు వస్తుందని అడిగాను. గురువారం అన్నాడు. తరువాతి పేరు ఎవరిదని అడిగాను. చెప్పాడు. కింద లైనులో, అంటే కూలీల వరస ఇళ్ళలో ఉండే ఒక ముసలాయన. గనిలో రాళ్ళ బండ్లు తోసినవాడు.

నాయనకు చెప్పక తప్పలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. "వాని పేరు ఎక్కించినామా?" అని మాత్రం అడిగాడు. ఎక్కించినామన్నాను. అన్న స్కూటర్ మీద బంగారుపేట పోయి, రెండు చోట్ల అడిగి, ఖాళీ చేతులతో వచ్చాడు. కోలారు ఆస్పత్రికి ఫోన్ చేస్తే మనిషిని తీసుకురమ్మన్నారు. నాయన ససేమిరా అన్నాడు. పేర్ల కాగితం అచ్చయ్యేదాకా కదలనన్నాడు. "పోయి ఆ ముసలాయన్ని అడగరాదా చెల్లెమ్మా? ఇంకా సీలు కూడా తీసుండరు. న్యాయంగా అది మీదే గదా" అన్నాడు అన్న. నాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. వద్దనలేదు. వద్దని ఉంటే నా పని సులువయ్యేది.

ఆదివారం పొద్దున కర్ర పట్టుకుని కింద లైనుకు నడిచాను. దారంతా దేవుని తలుచుకుంటూ, అడగాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాను. ఆ ఇంటి గుమ్మంలోనే ముసలాయన భార్య నా చేతులు పట్టుకుంది. "రా తల్లీ, రా. నీ కాలితో ఇంత దూరం నడిచి వచ్చినావా! మీ నాయన కాగితంలో మా ఇంటాయన పేరుండాదంట గదా" అంది. లోపల ఒకే గది. మూలన సిలిండర్ నిలబడి ఉంది. సీలు తీసేసి ఉన్నారు. దానికి తగిలించిన సీసాలో నీళ్ళు గుడగుడమంటున్నాయి. ముసలాయన గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా, హాయిగా ఊపిరి తీస్తున్నాడు. "మూడు రోజుల నుంచి పడుకోలేదు తల్లీ. రాత్రే నిద్ర పట్టింది. మా వంతు గురువారం గదా, ఇంగ అంతదాకా నిలవడు అనుకుంటిమి. నిన్న మా లైను చివర చిల్లరంగడి ఫోనుకు చేసి మమ్మల్నే పిలిచినారు. దేవుడే పంపించినాడు" అంది.

నేను పేర్చుకున్న మాటలన్నీ అక్కడే వదిలేశాను. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాను. కాగితం రేపటికి అచ్చవుతుందని చెప్పి లేచాను. ఇంటికొస్తే నాయన నా చేతుల వైపు చూశాడు. "ఎట్లుండాడు?" అన్నాడు. "నిద్రపోతా ఉండాడు నాయనా." "ఊ" అన్నాడు. ఆ ఊ మంచిదనా, పోనీలేనా, బతకాలనుందనా, నాకు ఈ పొద్దుకూ తెలియదు.

ఆ మధ్యాహ్నమే పేర్లన్నీ అచ్చు తీశాను. ఒక్క అక్షరం చెదరలేదు. నాయన ఒక్కొక్క కాగితమూ తడిమి చూసి, కట్ట కట్టించాడు. సోమవారం పొద్దున ముల్లు అడుగుకు వచ్చింది. అన్న ఒక వ్యాన్ తెచ్చాడు. కాగితాల కట్టను డాక్టర్ల దగ్గరికి పంపినాకే నాయన అందులో ఎక్కాడు. మంగళవారం కోలారు ఆస్పత్రిలో, మా చెల్లెలు ఒక చేయీ నేను ఒక చేయీ పట్టుకుని ఉండగా పోయినాడు.

పుట్టినప్పటి నుంచి ఏది జరిగినా దేవునికి దండం పెట్టుకున్న మనిషిని నేను. కాలు పోతే, చదువు దొరికిందని పెట్టుకున్నాను. ఆ మంగళవారం తరువాత దండం రాలేదు. దీపం పెట్టేదాన్ని, ఒట్టిగా నిలబడేదాన్ని. కంప్యూటర్‌ను అన్నకే ఇచ్చేశాను. ముసలాయన మాత్రం బతికాడు. ఒక వానాకాలం, ఇంకో వానాకాలం. నెలకోసారి ఆయన భార్య చిక్కుడుకాయలో మునగాకో పట్టుకుని వచ్చేది, ఆయన లేచి కూచున్నాడనీ, వాకిట్లోకి వచ్చాడనీ చెప్పేది. ఆమెకు ఏమీ తెలియదు. నేనూ చెప్పలేదు. మొదట్లో ఆమె వస్తే లోపలికి పోయి ముఖం కడుక్కునేదాన్ని. పోనుపోను, ఆమె రావడం నాలుగు రోజులు ఆలస్యమైతే నేనే వీధిలోకి చూసేదాన్ని.

రెండో ఏడు కార్తీకంలో, సోమవారం పూట, ముసలాయన పోయినాడని కబురు తెలిసింది. ఆ వేళ కూచుని గుండెలవిసేలా ఏడ్చాను. కోలారులో కూడా అట్లా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి, లేచి దీపం పెడితే, దండం దానంతటదే వచ్చింది. నాయన ఎప్పుడు పోయినాడని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ రెండు తేదీలు గుర్తుకొస్తాయి. ఆ రెంటి నడుమ గడిచిన కాలానికే నేను ఇన్నేళ్ళుగా దండం పెట్టుకుంటున్నాను.